ధరయు వాసియు

నాపరాయి కొనబోయిన గృహస్థుడు మొదట ధర యడుగడు. రాతిని వ్రేలి గణుపుతో కొట్టి మ్రోత వినును, అంచు చూచును, తడిగుడ్డతో తుడిచి పగులు గలదేమో పరికించును. పిమ్మటనే బేరమునకు దిగును. పిడుగురాళ్ళ సున్నము కొనువాడును ఇట్లే చేయును. బట్టీనుండి వచ్చిన గడ్డపై కొంచెము నీరు చల్లి, అది యెంత వేగముగా పొంగి, పగిలి, పిండి యగునో చూచి వెల కట్టును. పలనాటి యిండ్లలో చదువురాని వృద్ధులకును ఈ పరీక్ష తెలియును. కాని యా గృహస్థుడే ఊరి పెద్దయై, బడికి గోడ కట్టింపవలసి వచ్చినపుడు ధరనే మొదట నడుగును. పెక్కుమారులు ధర నడిగి యంతటితో ఊరకుండును. టెండరు కవరులు విప్పి, అందరికంటె చిన్న యంకె వేసినవాని పేరు చదివి, పని యప్పగించి యింటికి పోవును. తన యింటికి పనికిరాని న్యాయము ఊరి కెట్లు పనికివచ్చెను?

ఈ పద్ధతిని పరిహసించుట సులభము. మేము పరిహసింపబోము. ఇంటి బేరమునందు ముగ్గురు మనుష్యులు ఒక్కరై యుందురు. సొమ్ము చెల్లించువాడును, వస్తువు నేరుకొనువాడును, దానిని వాడుకొనువాడును ఆ గృహస్థుడే. రాయి పగిలినచో పగిలినది తన గడపయే. ప్రభుత్వపు బేరమునందు ఈ ముగ్గురును వేరు. సబ్బుబిళ్ళ మొదలుకొని పెట్రోలు వరకు ప్రతి కొనుగోలునందును పన్ను కట్టు మిరపరైతు సొమ్ము చెల్లించుచున్నాడు. ఏరుకొనువాడు కార్యాలయమునందలి యధికారి. ఆ గోడ నీడను కూర్చుండునది రెండవ తరగతి పిల్ల. ఈ ముగ్గురును ఒకరి ముఖ మొకరు చూడరు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చునన్న సామెత యిట్టి చోటనే పుట్టినది.

ఇట్టి సందర్భమున మనుష్యుని నమ్ముట కంటె అంకెను నమ్ముట మేలని పూర్వులు తలంచిరి. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజద్రవ్యము నపహరించు మార్గములను నలుబదింటిని లెక్కించెను. అన్ని విధముల ద్రోహము నెరిగినవాడు అధికారి యొక్క సద్బుద్ధిపై రాజ్యమును నిలుపడు గదా! అల్పధర నియమము లోభమువలన పుట్టినది కాదు, అనుమానమువలన పుట్టినది. ఆ యనుమానము నిరాధారమును కాదు. అంకెకు కులము లేదు, బంధుత్వము లేదు, పార్టీ లేదు. బావమరదికి ఇయ్యదలచిన పని యైనను, అంతకంటె తక్కువకు చేసెదనని పరాయివాడు ముందుకు వచ్చినపుడు అధికారి నోరు మూతపడవలసినదే. దిక్కులేనివాడు గూడ నిలువదగిన గుమ్మము ఈ నియమము వలననే తెరువబడినది. మన రాష్ట్రమున 2003 నుండి టెండరులు కంప్యూటరు ద్వారా దాఖలగుచున్నవి. అంతకు ముందు టెండరు పెట్టెయొద్ద మనుష్యులను కాపుంచి పోటీదారుల నడ్డగించు దుర్నయము పలుచోట్ల నుండెడిది. ఆ కాపలాకు పని లేకుండ పోవుటయు అంకెకు దొరికిన గౌరవములో భాగమే.

అయినను అంకె గౌరవమునకు ఒక హద్దు గలదు. రెండు వస్తువులు సమానమైనప్పుడే వాని ధరలను పోల్చవచ్చును. సమానము కానివానిని సమానమని భావించి ధరలు మాత్రమే పోల్చుట న్యాయమువలె కనబడు అన్యాయము.

ఇచట వాసి యనునది ఒక్క విధమైనది కాదని గమనింపవలెను. సిమెంటు బస్తాను తీసికొందము. మాచర్ల, దాచేపల్లి ప్రాంతముల ఫ్యాక్టరీలలో నేదానినుండి వచ్చినను, ఒకే గ్రేడు సిమెంటు ఒకే ప్రమాణమునకు లోబడవలెను. దిమ్మ పోసి, ఇరువదియెనిమిది దినములు నీట నానబెట్టి, యంత్రమున నొక్కి దాని బలము తేల్చవచ్చును. ఇట్టి వస్తువునందు ప్రమాణము చెప్పి, పరీక్ష చేసి, తక్కువ ధరకు కొనుటయే ధర్మము. అధికారి హెచ్చు ధర పెట్టి “ఇది మేలురకము” అన్నచో ఆ మాటను నమ్మనక్కరలేదు. కాని ఆ సిమెంటుతో కట్టిన గోడ వేరు. ఇసుకలో మన్నెంత కలిసినది, నీరెంత పోసిరి, కట్టిన పిమ్మట ఎన్ని దినములు తడిపిరి యనునవి టెండరు కాగితమున లేవు. ఆ వాసి పని జరుగునపుడు పుట్టును, లేదా పుట్టదు. దానిని ముందుగా మార్కులు వేసి కొనలేము. దగ్గర నిలిచి కాచుకొనవలెను. ఇక మూడవది యొకటి గలదు. వంతెనకు నమూనా గీయు ఇంజనీరు, ఆసుపత్రికి పటము వేయు శిల్పి: వీరి పనిలో వాసియే సర్వస్వము. వంతెన ఖర్చులో నమూనా రుసుము చిన్న పాలు. ఆ చిన్న పాలులో పది రూపాయలు మిగిల్చి, పెద్ద పాలులో వేయి పోగొట్టుకొనువానిని మితవ్యయి యని యెవ్వరు నందురు?

ఈ మూడింటికి ఒకే తూకపురాయి వాడుటవలననే మన కష్టములలో పెక్కు కలుగుచున్నవి.

తక్కువ ధర చెడ్డదని గాని, హెచ్చు ధర మంచిదని గాని మా వాదము కాదు. పలనాటివారి కన్నులయెదుట దీనికి గొప్ప నిదర్శన మున్నది. 1955 డిసెంబరు 10 వ తేదీని జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము రాతికట్టడము. ఆ కాలమున కాంక్రీటు ఆనకట్టలు కట్టుట పరిపాటి యైనను, సిమెంటు కొరతయు, విదేశీ యంత్రములకు చెల్లింపవలసిన ద్రవ్యపు కొరతయు నుండుటచే, మన కొండల రాతిని మన కూలీల చేతులతో పేర్చు మార్గమును మన ఇంజనీర్లు ఏరుకొనిరి. వేలకొలది స్త్రీపురుషులు రాళ్ళు మోసిరి. పునాదినుండి 124 మీటర్ల యెత్తున ఆ కట్టడము లేచెను. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నేటికిని ఈ సీమ పొలములను తడుపుచున్నది. అచట చవక, వాసి యొకదానితో నొకటి పోరాడలేదు. ఏలయన చవకను వెదకినది పని నప్పగించు దినమున కాదు, పనిని ఊహించు దినమున. ఏమి కట్టవలెను, దేనితో కట్టవలెను అన్న ఆలోచనలో మిగిలిన సొమ్ము నిజమైన మిగులు. ఆలోచన ముగిసి, కొలతలు వేసి, అంచనా కట్టిన తరువాత “ఇంకెవరు తగ్గుదురు?” అని గ్రుచ్చి గ్రుచ్చి యడిగినచో, ఆ తగ్గుదల ఎచటనుండి వచ్చును? రాతినుండి రాదు, రాతి వెల తగ్గదు. కూలివాని కూలినుండి వచ్చును. తడుపవలసిన నీటినుండి వచ్చును. పునాదిలో కనబడని యడుగునుండి వచ్చును.

మన రాష్ట్రమున 2019 లో రివర్సు టెండరు అను పద్ధతిని తెచ్చిరి. మొదట వచ్చిన టెండరులలో మిక్కిలి తక్కువదానిని బయటపెట్టి, దానికంటె దిగుడని మిగిలినవారిని పిలుచుట దీని స్వరూపము. 2024 లో ప్రభుత్వము మారిన పిమ్మట దీని నుపసంహరించిరి. దీనివలన ఖజానాకు లాభ మయ్యెనని ఒకరును, పనులు మందగించెనని ఒకరును వాదించిరి. ఆ రాజకీయ వివాదముతో మాకు పని లేదు. గుత్తదారులు కుమ్మక్కై వంతులవారీగా పనులు పంచుకొనుట లోకమున నున్నది కావున, ఆ కట్టును తెంచుటకు ఇదియొక కత్తి యని దాని పక్షమువారు చెప్పినదానిలో సత్యము లేకపోలేదు. కాని పోటీ యన్నది వేడెక్కినకొలది లెక్కను మరపించును. పలనాటివారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. కోడిపోరున నాగమ్మ కోడి గెలిచెను. మలిదేవాదులు ఏడేండ్లు రాజ్యము విడిచిరి. తుదకు కారెంపూడి నేల తడిసెను. పందెమున పాల్గొన్న కోళ్ళకు అందులో లాభనష్టము లేమియు లేవు.

మన నియమములను వ్రాసినవారికి ఈ ప్రమాదము తెలియదనరాదు. అంచనాకు 5 శాతముకంటె హెచ్చు కోరిన టెండరును అంగీకరింపరాదనియు, 25 శాతమునకు మించి తగ్గినవాడు ఆ మించిన తగ్గింపునకు సమానముగా అదనపు ధరావత్తు చెల్లింపవలెననియు మన రాష్ట్రమున కట్టుబాటు లేర్పడినవి. రెండవ కట్టుబాటు మిక్కిలి వివేకవంతమైనది. “నీవు ఇంత తక్కువకు చేయగలవని మాకు నమ్మిక లేదు; నీకు నమ్మిక యున్నచో సొమ్ము పెట్టుము” అని యది చెప్పుచున్నది. అయినను ఇరువదియైదు శాతమువరకు ఆ ప్రశ్న యడుగదు. నూరు రూపాయల పనిని డెబ్బదియైదింటికి చేసెదననువాని మాటలో రెండిటిలో నొకటి నిజమై యుండవలెను: అంచనా తప్పైనను కావలెను, వాడు చేయబోవు పని తప్పైనను కావలెను. ఏది తప్పో విచారింపక సంతకము చేయుట పొదుపు కాదు.

ఫ్రాన్సుదేశమున 17 వ శతాబ్దిలో కోటలు కట్టుటయందు పేరుపొందిన వోబా, 1683 లో యుద్ధమంత్రి లూవ్వాకు ఈ విషయమునే వ్రాసెను. అల్పధరకే పని యిచ్చు పద్ధతి చేతనైన పనివాండ్రను బెదరగొట్టి, గతిలేనివారిని, ఎరుగనివారిని, మోసగాండ్రను చేరదీయుచున్నదని యాతని మొర. మూడువందల నలుబదేండ్లనాటి యా యుత్తరము మన జిల్లా కార్యాలయమున దొరికినచో, తేదీ చూడనివారు నిన్న మొన్న వ్రాసినదే యనుకొందురు. న్యాయమైన ధర వేసిన మేస్త్రి ఒకమారు ఓడును, రెండుమారు లోడును, మూడవమారు తానును తక్కువ వేయుట నేర్చుకొనును. లేదా ఈ పని మాని మరియొక వృత్తి చూచుకొనును. ఈ విధముగా నియమము తానే యెట్టివారికి భయపడినదో అట్టివారినే తయారుచేయును. నైతిక దృష్టితో చూచినచో మాకు ఇదియే అన్నిటికంటె పెద్ద నష్టముగా తోచుచున్నది. కూలిన గోడను మరల కట్టవచ్చును.

ధర టెండరు దినమున ఒక్కమారు కనబడును. వాసి యేండ్ల తరబడి కనబడును. 2021 ఆగస్టు 5 వ తేదీ తెల్లవారుజామున, పలనాటి సీమ యంచున కృష్ణపై నున్న పులిచింతల ప్రాజెక్టు ఇరువదినాలుగు గేట్లలో పదునారవ గేటు కొట్టుకొనిపోయెను. ఆ స్థానమున అడ్డుపలకలు దించుటకై, నలుబదియైదు టి.ఎం.సి.లు పట్టు జలాశయమును చాల మట్టుకు ఖాళీ చేయవలసి వచ్చెను. 2024 ఆగస్టు 10 వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట పందొమ్మిదవ గేటు గొలుసు తెగి గేటు పోయెను. రెండవది ఏడు దశాబ్దులు పనిచేసిన గేటు. మొదటిది పదియేండ్లయినను నిండనిది. ఏ గేటు ఏ కారణమున పోయెనో నిర్ణయించుట ఇంజనీర్ల పని; ఇది ధర తగ్గించుటవలననే కలిగినదని మేము చెప్పుట లేదు. మేమడుగునది యిది: గేటు టెండరును తూచునాడు దాని యాయువును ఏ గడిలో వ్రాయుదురు? దిగువకు పోయిన నీటి వెల ఏ లెక్కలో చేరును? ఐరోపా రాజ్యముల కూటమి 2014 లో చేసిన శాసనము వస్తువు కొన్ననాటి ధరను మాత్రమే గాక, దానిని నడుపుటకును, మరమ్మతు చేయుటకును, తుదకు తీసివేయుటకును అగు వ్యయమంతయు కలిపి పోల్చుటకు వీలు కల్పించినది. మన గృహిణులకు ఇది క్రొత్త విద్య కాదు. తక్కువ వెలకు వచ్చి ఎక్కువ గ్యాసు త్రాగు పొయ్యిని వారు రెండవమారు కొనరు.

అట్లయిన వాసికి మార్కులు వేసి ధరతో కలిపి తూచిన సరిపోదా యని చదువరులు అడుగుదురు. కేంద్రప్రభుత్వము సలహాదారుల నియామకమున వాసికి ఎనుబది పాళ్ళవరకు నిచ్చుట కంగీకరించినది. 2021 అక్టోబరున వెలువడిన మార్గదర్శకములలో, వాసి ముఖ్యమని ప్రత్యేకముగా నిర్ణయించిన కట్టడపు పనులకును ముప్పది పాళ్ళు మించకుండ వాసికి తూకమిచ్చుటకు అనుమతించినది. ఇది మంచి యడుగు. అయినను లెక్క వేసి చూతము. మొదటివాడు నూటపది లక్షలు కోరెను, వానికి వాసిలో తొంబది మార్కులు. రెండవవాడు నూరు లక్షలు కోరెను, వానికి అరువది మార్కులు. ధరకు డెబ్బది, వాసికి ముప్పది పాళ్ళు వేసినచో మొదటివానికి సుమారు 90.6, రెండవవానికి 88 వచ్చును, మొదటివాడు గెలుచును. ఇపుడు అధికారి మొదటివానికి తొంబదికి మారుగా ఎనుబది వేసెననుకొందము. వాని మొత్తము 87.6 కు దిగును; రెండవవాడు గెలుచును. కలము కొనపైనున్న ఆ పది మార్కులు పది లక్షల రూపాయల తీర్పును తలక్రిందులు చేసినవి. ఆ పది మార్కులు ఎందుకు వేసిరో, ఎందుకు వేయలేదో కాగితముపై లేనిచో, మనము బావమరది యింటికి తిరిగి వచ్చితిమన్నమాట.

ఇంకొక చిక్కు. మూడవవాడు వచ్చి డెబ్బది లక్షలకే చేసెదననెను. వానికి వాసిలో ఏబది మార్కులే. అదే లెక్కను వానికి 85 వచ్చును, మొదటివానికి 71 చిల్లర, రెండవవానికి 67. ఎవనిని నివారించుటకు ఈ తూకమును కల్పించిరో వాడే రాజమార్గమున వచ్చి కూర్చుండెను! కావున వాసికి మొదట ఒక గడప కట్టవలెను. ఆ గడప దాటనివాని ధర కవరు విప్పనే కూడదు. ఈ పద్ధతి నియమములలో నున్నది. అమలులో నది పెక్కుచోట్ల చదువని పేజీగా మిగిలిపోవుచున్నది.

ఆ గడప ఎట్టిది కట్టుదురన్నదియు విచారింపదగినదే. “ఇంతకు ముందు ఇన్ని కోట్ల పని చేసియుండవలెను, సాలున కింత టర్నోవరు ఉండవలెను” అను షరతులను వాసి పేరిట వ్రాయుచున్నారు. ఇవి ధనమునకు కొలతలు గాని పనికి కొలతలు కావు. నరసరావుపేటలో ముప్పదియేండ్లుగా నిలుకడైన గోడలు కట్టుచున్న మేస్త్రికి ఈ గడప కొండ యగును. వానిని బయటనుంచి పని తెచ్చుకొన్న పెద్ద గుత్తదారు, కడపట వానికే సగము వెలకు చేతిపని యప్పగించుటయు లోకము చూడని విషయము కాదు.

మాకు మేలని తోచు మార్గము మరియొకటి గలదు. వాసికి అధికారిచేత మార్కులు వేయించుట కంటె, వాసిని ధరలోనే చేర్చుట. 2000 డిసెంబరులో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ సడక్ యోజన రోడ్లకు ఇట్టి కట్టుబాటున్నది: రోడ్డు వేసినవాడే అయిదేండ్లు దానిని బాగుచేయుచుండవలెను. పలనాటి నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు పగులును. దానిపై నాపరాళ్ళ లారీలును, సిమెంటు లారీలును నడచును. అయిదేండ్లు తానే గుంటలు పూడ్చవలయునని తెలిసినవాడు అడుగున కంకర తగ్గింపడు. తగ్గించినచో తన సంచియే చిల్లియగును. ఇచట తక్కువ ధర వేసినవాడు నిజముగా తక్కువలో చేయగలవాడై యుండుటకు అవకాశ మెక్కువ. ఆ అయిదేండ్లును ఎవరైన పోయి గుంటలు లెక్కింపవలెనన్నది వేరు సంగతి.

ఇంకొక మార్గమును మన యాడువారు పెండ్లి బట్టల యంగడిలో నిత్యము వాడుచున్నారు. “అయిదువేలు మించి పెట్టలేను; అందులో మేలైనది చూపుడు” అందురు. అంగడివాడు ధరలో పోటీపడలేక వాసిలో పోటీపడవలసి వచ్చును. సలహాదారుల నియామకమున నిర్ణీత వ్యయ పద్ధతి యను పేర దీనిని నియమములలో చేర్చిరి గాని, దీనిని వాడువా రరుదు. బడి పిల్లల భోజనమువంటి వానిలో ధర నెట్లును ప్రభుత్వమే నిర్ణయించుచున్నది. అట్టిచోట ఎవరు బాగుగా వండుదురని యడుగుట తప్ప వేరు పోటీ ఉండనక్కరలేదు.

ఇన్ని మార్గము లున్నను అధికారులు అల్పధరనే ఏల పట్టుకొని వ్రేలాడుచున్నారు? వారి స్థానమున నిలిచి చూచినగాని ఇది బోధపడదు. అందరికంటె తక్కువవానికి పని యిచ్చిన యధికారిని ఎవరును ఏమియు అడుగరు. గోడ కూలినను తప్పు గుత్తదారునిది. రెండవవాడు మేలని తలచి వానికిచ్చిన యధికారిని ఆడిటరు అడుగును, విజిలెన్సువారు అడుగుదురు, ఓడినవాడు హైకోర్టులో నడుగును, పత్రికలు అడుగును. పదవీ విరమణ చేసిన తరువాత గూడ ఆ కాగితములు వెంటాడును. ఇట్టి స్థితిలో సంతకము పెట్టువాడు అల్పధరను ఏరుకొనుట ప్రజల సొమ్మును కాపాడుటకు కాదు, తన్ను తాను కాపాడుకొనుటకు. భీరుత్వము మితవ్యయమను వేషము వేసికొనుచున్నది. వానిని మేము నిందింపము, పిల్లలు గలవాడు. కాని ఇది ధర్మమని మాత్రము ఒప్పుకొనజాలము. ఎక్కువ ధరకు ఇచ్చినవానిని కారణము వ్రాయుమనుచున్నట్లే, మిక్కిలి తక్కువ ధరకు ఇచ్చినవానిని గూడ కారణము వ్రాయుమని యడుగవలెను. ఇంత తక్కువకు ఈ పని యెట్లగునో గుత్తదారునిచేత రాతి లెక్క, కూలి లెక్క విడివిడిగా చెప్పించి, దానిని చదివి, నమ్మితినని వ్రాసి సంతకము పెట్టవలెను. అపుడు రెండు వైపుల భయము సమానమగును. సమానమైన భయముల నడుమ బుద్ధికి కొంత చోటు దొరకును.

దగ్గర నిలిచి కాచుకొనవలసిన వాసిని గూర్చి పైన చెప్పితిమి. ఎవరు నిలువవలెను? ఒక్క సహాయ ఇంజనీరు చేతిలో పెక్కు గ్రామముల పనులుండును. ఎం-బుక్కు నింపుటకే యాతనికి దినము చాలదు. గోడ ప్రక్కన నివసించువారు నిలువవలెను. 2005 నాటి సమాచార హక్కు చట్టము కాగితముల నకళ్ళను ఇప్పించుటకు మాత్రమే యేర్పడినదని పలువు రనుకొనుచున్నారు. ఆ చట్టము నిర్వచనములోనే, జరుగుచున్న పనిని పరిశీలించు హక్కును, వాడుచున్న సామగ్రినుండి ధ్రువీకరించిన నమూనాలను తీసికొను హక్కును పౌరులకు చెప్పబడినవి. గురజాలలో బడి గోడ లేచుచుండగా, ఆ బడికి బిడ్డను పంపు తల్లి అంచనా ప్రతి నడుగవచ్చును, ఎం-బుక్కు చూడవచ్చును, ఇసుకయు సిమెంటును కలిపిన ముద్దను డబ్బాలో పట్టి ముద్ర వేయించుకొని పోవచ్చును. దరఖాస్తు రుసుము పది రూపాయలకు మించదు.